పెట్టె ఫోటో

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే శవపెట్టె మూసేముందు ఫోటో తీయిస్తారు. పెట్టెను తలవైపు కొంచెం ఎత్తిపెట్టి, చుట్టూ ఇంటివాళ్ళు నిలబడాలి. పోయిన మనిషి ముఖం బాగా కనబడాలి. వినేవాళ్ళకు వింతగా ఉంటుందేమో గానీ మాకది పెళ్ళి ఫోటో అంత మామూలు. రాలేనివాళ్ళు చూడాలి కదా! మెదక్‌లో మా నాయనమ్మ ఇంట్లో గోడ మీద అలాంటివి నాలుగుండేవి. సెలవుల్లో వాటి కిందే కూర్చుని అన్నం తినేవాళ్ళం.

2008 ఏప్రిల్ మొదటి వారంలో మా డాడీ దేవప్రసాద్ పోయారు. నాంపల్లి స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసు క్లర్కు. పనిలో ఉండగానే కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. యాభై నాలుగేళ్ళు, అంతే. మా ఇంట్లో డాడీకి తప్ప అందరికీ చెయ్యి ముందు, మాట తర్వాత. ఆయనొక్కడే మమ్మల్ని ఆపేవాడు. ఆయన పోయిన ఎండాకాలంలో ఏం జరిగిందో చెప్తాను.

ఫోటో తీసేటప్పుడు సమాధుల తోటకు వెళ్ళే బండి వాకిట్లో సిద్ధంగా ఉంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించారు. ఫోటోగ్రాఫర్ స్టూలెక్కి, "అమ్మా, జర ఇటు చూడుండ్రి" అన్నాడు. మెదక్ నుంచి వచ్చిన మామ కాలర్ సర్దుకున్నాడు. అలవాటు కొద్దీ నవ్వు ముఖం కూడా పెట్టాడు మహానుభావుడు. మా అమ్మ అప్పటిదాకా పెట్టె అంచు పట్టుకుని కిక్కురుమనకుండా ఉన్నదల్లా ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు పైకప్పుకు తిప్పి, నోరంతా తెరిచి "అయ్యో నా ప్రభువా!" అని అరిచింది. ఫ్లాష్ వెలిగింది.

నాకు అప్పుడే నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుపడను. దాచిపెట్టి ఏం బావుకున్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

ఎందుకు నవ్వొచ్చిందంటే, మా అమ్మ విక్టోరియా ఆబిడ్స్‌లో ఒక ఆడపిల్లల బడిలో కుట్టు టీచరు. బళ్ళో గొంతు పెగలదు. ఇంట్లో సీరియల్ మధ్యలో కరెంటు పోయిందా, ఇక చూసుకోండి. సరిగ్గా ఇదే ముఖం, ఇవే చేతులు, ఇదే "అయ్యో నా ప్రభువా!" కింది వాటాలోంచి అహల్య పెద్దమ్మ, "మాది గూడ పోయింది విక్టోరియా!" అని జవాబిచ్చేది. డాడీ చీకట్లో కుర్చీలో కూర్చుని కిసుక్కుమని నవ్వేవారు. ఇప్పుడు అమ్మ అదే అరుపు అరిచింది. కింది నుంచి జవాబు రాలేదు, ఎందుకంటే అహల్య పెద్దమ్మ అమ్మ పక్కనే నిలబడి ఏడుస్తోంది. డాడీ నవ్వలేదు.

అహల్య పెద్దమ్మ అంటే చుట్టం కాదు, మా ఇంటి ఓనరు రామచందర్ గారి భార్య. స్టేషన్ వెనక గల్లీలో వాళ్ళ మేడ పైవాటాలో ఇరవై రెండేళ్ళుగా మేం కిరాయికి ఉన్నాం. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. వాళ్ళబ్బాయి శ్రీహరి, మా అన్న రాబర్ట్ ఒకే ఏడాది పుట్టారు, ఒకే బ్యాటుతో గల్లీలో ఆడారు. శ్రీహరన్న కింద రోడ్డు వైపు గదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. నాలుగు కంప్యూటర్లు, ఒక స్కానర్. నేను కోఠి కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది. ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆ మూల కంప్యూటర్ నాదే.

ఆదరణ కూడిక, అదే పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ప్రార్థన, అయిన మర్నాడు కువైట్ నుంచి జిప్పోరా చిన్నమ్మ ఫోన్ చేసింది. "పెట్టె ఫోటో పంపవే యూనీ, బావ ముఖం ఒక్కసారి చూస్త" అని ఏడ్చింది. శ్రీహరన్న దగ్గరికి తీసుకెళ్ళి స్కాన్ చేయించాను. మెయిల్ చేశాను. అక్కడితో ఆగిపోతే ఈ కథ లేదు.

కూడికలో ఎందరెందరో వచ్చి ఆదరించారు. వాక్యాలు చదివారు, భుజం తట్టారు, టీ తాగారు. నాకేం ఆదరణ కలగలేదు. పదిరోజులుగా గుండెల మీద రాయి పెట్టినట్టే ఉంది. ఆ మూల కంప్యూటర్ ముందు ఫోటో తెరిచి చూస్తూ కూర్చుంటే మళ్ళీ నవ్వొచ్చింది. అమ్మ ముఖం వరకు కత్తిరించాను. పెట్టె తీసేశాను, డాడీని తీసేశాను, మామను తీసేశాను. అమ్మ, రెండు చేతులు, తెరిచిన నోరు. కింద పెద్ద పసుపు అక్షరాలతో రాశాను: సీరియల్ మధ్యలో కరెంట్ పోతే.

చూసి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఆ పదిరోజుల్లో మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది, దేవుని సాక్షిగా చెప్తున్నా.

శ్రీహరన్న వెనక నుంచి వచ్చి చూశాడు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"డిలీట్ చెయ్ యూనీస్. మంచిగ లేదు గది."

"మా అమ్మే గదన్నా. నా కోసం చేసుకున్న."

"నీ కోసమైతే నీ మనసుల పెట్టుకో. మిషన్ల పెట్టకు."

ఆయన మాట వింటే నేను యూనీస్‌ని ఎలా అవుతాను? ఆయన అటు తిరగ్గానే రశ్మికి మెయిల్ చేశాను. రశ్మి నా బెంచీమేట్, సుల్తాన్ బజార్‌లో వాళ్ళ ఇల్లు. డాడీ పోయినప్పటి నుంచి రోజూ ఫోన్ చేసి నాతో మాట్లాడించేది అదొక్కతే. 'ఎవ్వరికీ చూపించకు, మన ఇద్దరికే' అని రాశాను. 'మదర్ ప్రామిస్' అని జవాబొచ్చింది. ఆ మాట మీద ధీమాగా ఇంటికెళ్ళి అన్నం తిన్నాను.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు మీకు గుర్తుండే ఉంటాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఇంకెంతో చెప్పలేం. ఊరంతా కరెంటు వాళ్ళను తిట్టుకుంటూనే ఉంది. అలాంటి ఊళ్ళోకి వెళ్ళింది ఆ ఫోటో. ఆగుతుందా?

మా అన్న రాబర్ట్‌కు ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ కౌంటర్ ఉండేది. రిపేర్లు చేసేవాడు, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించేవాడు. పాటలతో పాటు జోకు ఫోటోలు ఊరికే ఎక్కించేవాడు. అవి ఉంటేనే గిరాకీ మళ్ళీ వస్తుందట. ఆ ఫోటోలన్నీ 'కామెడీ' అన్న ఫోల్డర్‌లో ఉండేవి. బస్సులో నోరు తెరిచి నిద్రపోయే ఒక ముసలాయన, తుమ్ముతున్న పెళ్ళికూతురు, డ్రైనేజీలో పడ్డ లావుపాటి ఆవిడ. ఆదివారాలు ఇంటికి తెచ్చి చూపిస్తే మేమందరం విరగబడి నవ్వేవాళ్ళం, అమ్మతో సహా. ఆ ముసలాయన ఎవరి తండ్రో, ఆవిడ ఎవరి తల్లో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

మే మూడో వారం. మిట్టమధ్యాహ్నం. అమ్మ బడి స్టోర్ లెక్క చూడ్డానికి ఆబిడ్స్ వెళ్ళింది. నేను బట్టలు ఆరేసి, చోటు చాలక మిగిలిన తడి దుప్పటితో మెట్ల మీదుగా దిగుతుంటే అన్న గల్లీలోకి వచ్చాడు. తెల్ల చొక్కా మీద రక్తం. కుడి చేతి కణుపులు చిట్లిపోయి ఉన్నాయి.

"శ్రీహరిగాడేడి?"

"ఏమైందన్నా? ఆ రక్తమేంది?"

"నాది కాదు. ఒకని పళ్ళు రాలగొట్టొచ్చిన. 'భయ్యా, ఈ ఆంటీని సూడు' అని పండ్లికిలించిండు. స్టూలు తీస్కొని మూతి మీద ఇచ్చిన." జేబులోంచి ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. "సూడు. మమ్మీ. డాడీ పెట్టె కాడ మమ్మీ."

నా పసుపు అక్షరాలు.

"ఆబిడ్స్ మొత్తం తిరుగుతున్నది గిది. స్కాన్ చేసింది వీని మిషన్ల. ఇంకెవ్వని కాడుంది చెప్పు? ఇరవై రెండేండ్లు ఒక్క ఇంట్ల ఉంటే గిట్లా చేస్తడా?"

అన్న నా జవాబు కోసం ఆగకుండా సెంటర్ వైపు నడిచాడు.

సెంటర్‌లో ఇద్దరు ఇంటర్ పిల్లలు రిజల్ట్స్ చూసుకుంటున్నారు. శ్రీహరన్న వాళ్ళకు ప్రింటు తీసిస్తున్నాడు. రాబర్ట్ వెళ్ళీవెళ్ళగానే కీబోర్డు పీకి దానితోనే ముఖాన కొట్టాడు. అక్షరాల బిళ్ళలు గదంతా ఎగిరాయి. ఆ పిల్లలు కేకలేస్తూ బయటికి పరుగెత్తారు. శ్రీహరన్న "ఏంది రా, ఏంది?" అంటున్నాడు, ముక్కులోంచి రక్తం కారి చొక్కా బొత్తాల మీద పడుతోంది. అన్న ఫోన్ చూపించాడు. శ్రీహరన్న చూశాడు. చూడగానే ఆయనకు అర్థమైంది. ఆయన ముఖంలో అది నాకు స్పష్టంగా కనిపించింది.

"నేను చెయ్యలే రాబర్ట్."

"మరెవడు చేసిండు?"

అన్న మానిటర్ ఎత్తి నేలకేసి కొట్టాడు. గాజు పేలిన చప్పుడుకు గల్లీ జనం గుమిగూడారు. తర్వాత ఇంకో మానిటర్. తర్వాత మనిషి. కడుపులో తన్నాడు, వీపు మీద తన్నాడు, జుట్టు పట్టి ఈడ్చి గడప దాకా తెచ్చాడు. శ్రీహరన్న ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టలేదు. చేతులు అడ్డం పెట్టుకోవడమే. గడప మీద బోర్లా పడి లేవబోయి కుడి చెయ్యి నేల మీద ఆనించాడు. షట్టర్ దిగే చోట.

"చెప్పు! నువ్వు కాకపోతే ఎవడో చెప్పు!"

శ్రీహరన్న తలెత్తి నావైపు చూశాడు. నేను నాలుగో మెట్టు మీద ఉన్నాను. చేతిలో తడి దుప్పటి.

"నాకు ఎర్కలే" అన్నాడు నన్నే చూస్తూ.

"ఎర్కలేదా?"

ఆయన మళ్ళీ నావైపు చూశాడు. 'నేనే అన్నా.' రెండు మాటలు. చెప్తే ఆ చేతులు నా మీదికి వస్తాయి. ఆ కాళ్ళు నా మీదికి వస్తాయి. నేను దుప్పటి గట్టిగా పట్టుకున్నాను. రాబర్ట్ షట్టర్ కొక్కెం అందుకుని మొత్తం బరువేసి కిందికి గుంజాడు.

ఆ చప్పుడు గురించి నేనేం చెప్పను.

రెండు వేళ్ళు పోయాయి, ఉంగరం వేలు, చిటికెన వేలు. దవాఖానలో అతకడానికి లేదన్నారట. సాయంత్రానికల్లా పోలీసులు రాబర్ట్‌ను తీసుకెళ్ళారు. అన్న పారిపోలేదు. సెంటర్ ముందు మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. అమ్మ బడి నుంచి వచ్చేసరికి గల్లీలో గాజుపెంకులు, రక్తం, జనం. ఎవరో అమ్మకు చెప్పారు: "శ్రీహరి నీ ఫోటో గలీజ్ చేసి పంపిండట, మీవోడు ఊకుంటడా?" అమ్మ నన్ను చూసి "నిజమా?" అంది. నేను తల వంచుకున్నాను. తల వంచడం కూడా జవాబే. దాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అనుకోవచ్చు.

రెండోరోజు పొద్దున్నే బాలమల్లు వచ్చాడు. అహల్య పెద్దమ్మ తమ్ముడు, బేగం బజార్‌లో మిర్చి గోదాము, భుజాలు చూస్తేనే భయమేస్తుంది. వెనక ముగ్గురు మనుషులు. తలుపు తన్ని లోపలికొచ్చారు. టీవీ ఎత్తి కిటికీలోంచి గల్లీలోకి విసిరారు. అమ్మ కుట్టుమిషన్ మెట్ల మీద నుంచి దొర్లించారు, అది ఒక్కో మెట్టు దిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. గోడ మీది డాడీ ఫోటో నేల మీద పడి కాలికింద నలిగింది.

"మా పోరడు చెయ్యి పోగొట్టుకున్నడు! ఇరవై ఏండ్లు నెత్తిన పెట్టుకున్నందుకా?" అంటూ బాలమల్లు అమ్మ జుట్టు పట్టుకున్నాడు.

నేను పొయ్యి దగ్గరున్నాను. గంజి వార్చిన గిన్నె చేతిలో ఉంది. ఆలోచించలేదు. ఆ వేడి గంజి అతని మెడ మీద పోశాను. బాలమల్లు అరిచిన అరుపుకు కిందనుంచి అహల్య పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. తమ్ముడి మెడ మీద చర్మం ఊడి వస్తోంది. ఆమె మా ఇద్దర్నీ చూసి చేతులు జోడించింది.

"విక్టోరియా, నీకు దండం పెడ్త. ఇల్లు ఖాళీ చేసి పోండ్రి. మీరు గీడ ఉంటే మా ఇండ్ల ఇంకొకడు సస్తడు."

అమ్మ జుట్టు ముడేసుకుంటూ, "కొడుకును గట్లా పెంచినవ్ అక్కా నువ్వు. పోతం, పోతం" అంది. అహల్య పెద్దమ్మ తమ్ముణ్ణి పట్టుకుని కిందికి తీసుకెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మొదటి పెడమాట అది. అది అన్నది మా అమ్మ, అనిపించింది నేను. నా అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఇంకో మనిషిని కాల్చాను. అబ్బో, గొప్ప పౌరుషం నాది!

జూన్‌లో కాలేజీ తెరిచారు. కోఠి బస్టాపులో రశ్మి కనబడింది. పుస్తకాల సంచి కింద పడేసి, జుట్టు పట్టుకుని, బస్టాపు రేకులకేసి తల కొట్టాను. అది అరుస్తుంటే ఇంకో చెంప కూడా పగలగొట్టాను. జనం లాగేశారు.

"మదర్ ప్రామిస్ అన్నవ్ గదనే!"

రశ్మి పెదవి చిట్లి రక్తం వస్తోంది. అయినా అది వెనక్కి తగ్గలేదు.

"మా కజిన్ ఒక్కదానికే పంపిన. ఎవ్వరికీ చూపియ్యకని చెప్పే పంపిన, నువ్వు నాకు చెప్పినట్టే! నీ పేరు ఎక్కడన్న చెప్పిన్నా?" రశ్మి చున్నీతో నోరు తుడుచుకుంది. "మీ అమ్మ నీకు చెప్పిందా పంపుమని? మీ అమ్మను అడిగినవా నువ్వు?"

నన్ను పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. నేను మళ్ళీ చెయ్యెత్తలేదు. సంచి తీసుకుని కోఠి నుంచి నాంపల్లి దాకా నడిచాను. ఆ ఎండలో ఒక్క ముక్కే బుర్రలో తిరిగింది. అడిగినవా?

మా గల్లీలోకి రాగానే సెంటర్ కనిపించింది. షట్టర్ సగం తీసి ఉంది. లోపల మిగిలిన రెండు కంప్యూటర్లు, ఎవ్వరూ లేరు. శ్రీహరన్న కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురింటి ఆమె నన్ను ఆపి మెల్లగా చెప్పింది: "ఆడపిల్లల్ని ఎవ్వల్నీ పంపుతలేరు గాడికి. ఫోటోలు గలీజ్ చేసెటోడంట గద." ఆమె నా మీద జాలితో చెప్తోంది. నాకు ఆమె నోరు మూయాలనిపించింది. కానీ మూయాల్సింది ఆమె నోరు కాదు, తెరవాల్సింది నాది.

ఇంట్లో అమ్మ కింద కూర్చుని, విరిగిన మిషన్ చక్రం తుడుస్తోంది.

"మమ్మీ, ఆ ఫోటో చేసింది నేనే."

చక్రం తుడవడం ఆగింది.

"శ్రీహరన్న వద్దన్నడు. నేను రశ్మికి పంపిన. నాకు నవ్వొచ్చింది మమ్మీ. కరెంటు పోతే నువ్వు అరిచేది గుర్తొచ్చి నవ్వొచ్చింది."

అమ్మ చక్రం పక్కన పెట్టింది. తర్వాత, "ఏదీ, చూపెట్టు" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఒక మనిషి పళ్ళు రాలాయి, ఒకరి వేళ్ళు పోయాయి, ఒకరి మెడ కాలింది, కొడుకు జైల్లో ఉన్నాడు. ఇంతా జరిగింది అమ్మ ముఖం కోసం. అమ్మకు మాత్రం ఆ ఫోటో ఎవరూ చూపించలేదు.

నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నది తీసి ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గరికి జరిగి చూసింది. మూతి కొంచెం కదిలింది. నవ్వుతుందేమో అనుకున్నాను.

"ఔ. గిట్లనే అరుస్త నేను" అంది. మళ్ళీ చూసింది. "మీ డాడీ ఏడే?"

"కట్ చేసిన మమ్మీ."

"నా ముంగటనే ఉండె గద పెట్టె. ఆయన్ని కోసేసి నన్నొక్కదాన్నే ఉంచినవా? ఒక్కదాన్నే నిలబడి అరుస్తున్న పిచ్చిదాని లెక్క?"

అమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. అప్పుడు కొట్టింది. చేత్తోనే. చెంప మీద, వీపు మీద, తల మీద. ఊపిరి ఆడనంత కొట్టింది. నేను అడ్డం పెట్టుకోలేదు. ఆఖరికి ఆమె చెయ్యే నొప్పి పుట్టి ఆగింది.

"నవ్వొస్తే నా దగ్గరికి రాకపోతివి? ఇద్దరం కూసొని నవ్వుకోకపోతిమా? నాకు మాత్రం నవ్వేటందుకు ఎవరున్నరే ఇప్పుడు?" అని నన్ను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో నా ముఖం తుడిచి, "ముందు మీ అన్నకు చెప్పు. తర్వాత కిందికి పో. నలుగురు ఇనేటట్టు చెప్పు" అంది.

జైలు ములాఖత్‌లో ఇనప జాలీకి అవతల రాబర్ట్ సగమైపోయి కనిపించాడు. కనుబొమ మీద కొత్త గాటు. చుట్టూ అందరూ అరుచుకుంటూ మాట్లాడుతుంటే నేనూ అరిచి చెప్పాల్సి వచ్చింది. "ఫోటో నేనే చేసిన అన్నా!"

జాలీ మీద పిడికిలి పడుతుందని వెనక్కి జరిగాను. పడలేదు. వేళ్ళు జాలీలో దూర్చి తల ఆనించాడు.

"యూనీ, ఆ ఫోటో నా కౌంటర్‌కు వచ్చి నాలుగు దినాలైండె" అన్నాడు. "నేనే ఎక్కించిన. ముప్పై, నలభై కార్డులల్ల. చిన్న స్క్రీన్ గద, సరిగ్గ చూడలే. నవ్విన. మస్తు నవ్విన. ఆ దినం ఒకడు పెద్ద ఫోన్‌ల చూపెట్టిండు. అప్పుడు చీర కనబడ్డది. పెట్టె కాడ మమ్మీ కట్టుకున్న నీలం అంచు తెల్ల చీర."

నేను జాలీ మీద అతని వేళ్ళు పట్టుకున్నాను. పది వేళ్ళూ ఉన్నాయి.

"శ్రీహరిని కొడ్తున్నంతసేపు నా నవ్వే ఇనబడ్డది నాకు" అన్నాడు.

జూలైలో ముసురు పట్టిన ఒక ఉదయం ఇల్లు ఖాళీ చేశాం. ట్రాలీ ఆటోలో సామాన్లు ఎక్కించాక నేను సెంటర్ ముందు రోడ్డు మధ్యలో నిలబడ్డాను. అహల్య పెద్దమ్మ, రామచందర్ గారు గుమ్మంలో ఉన్నారు. ఎదురింటి ఆమె, పాలవాడు, గల్లీ గల్లీ అంతా చూస్తోంది. చెప్పాను. ఫోటో చేసింది నేను, పంపింది నేను, శ్రీహరన్న వద్దన్నాడు, ఆయన చెయ్యి పోతుంటే చూస్తూ నిలబడింది నేను. ఒక్కొక్క మాటా గట్టిగా చెప్పాను. ఎదురింటి ఆమె "ఛీ" అని నా ముందు ఉమ్మేసింది. అహల్య పెద్దమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది. దెబ్బలన్నిటికంటే ఆ తలుపు ఎక్కువ తగిలింది.

శ్రీహరన్న ఒక్కడే మిగిలాడు. మూడు వేళ్ళ చేత్తో మౌస్ పట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. నేను గడప బయటే ఆగాను.

"అన్నా, అంత కొట్టినా నా పేరు చెప్పలే. నన్ను కాపాడినవ్. నీ రుణం ఎట్ల..."

"కాపాడుడేంది?" అన్నాడు తల తిప్పకుండానే. గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు చెప్తవని ఆగిన యూనీస్. మెట్ల మీదనే ఉంటివి గద. ఒకసారి చూసిన, చెప్పలే. ఇంకోసారి చూస్తే చెప్తదనుకున్న. నీ దిక్కు చూసుకుంటనే ఉన్న. చెయ్యి ఏడ పెట్టిన్నో చూసుకోలే."

ఆటోవాడు హారన్ కొట్టాడు. అమ్మ ముందు సీట్లో, పగిలిన అద్దంతోనే డాడీ ఫోటోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను వెనక సామాన్ల మధ్య ఎక్కి కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆబిడ్స్ దాటేదాకా వాటినే చూసుకున్నాను.